ఏడో నంబర్ మిషన్ జవాబివ్వడం లేదు

నమోదు 1
ఎండాకాలం 61వ రోజు, మధ్యాహ్నం 12:30

మిషన్లు తమంతట తామే రాసుకునే లాగ్ అందనప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు జరిగినదంతా చేత్తో రాయాలన్నది కంట్రోల్ రూము నియమం. అందుకే ఈ నోటుబుక్కు తెరిచాను. నా పేరు మేకల భూలక్ష్మి. పదకొండేళ్లుగా లాగ్ డ్యూటీ నాది.

ఈ ఉదయం 10:41కి నేల కింది మా ఊళ్లో మూడో గ్యాలరీ గాలితలుపు మూసుకుంది. లోపల కేబుల్ కాలి పొగ లేచింది. పొగ లేస్తే తలుపు దానంతటదే మూసుకోవాలి. అంతవరకు సరే. ఆ తరువాత లోపలివాళ్లు బయటపడేందుకు ఆపరేటరు దాన్ని తెరవాలి. అది తెరుచుకోలేదు. నాలుగు అంగుళాల ఉక్కు. పదిమంది గడ్డపారలతో పొడిచినా పెచ్చు కూడా ఊడలేదు. చేతితో తిప్పే చక్రం వేడికి వంగి బిగుసుకుపోయింది. 11:14కి తలుపు మామూలుగా, ఏమీ జరగనట్టు తెరుచుకుంది. గుమ్మంలోనే పదకొండుమంది ఒకరిమీద ఒకరు పడి ఉన్నారు. ఒక్కరిలోనూ ఊపిరి లేదు. తలుపు లోపలివైపు రంగు గోళ్ల గీతలతో మనిషెత్తున ఊడిపోయి ఉంది.

11:40కి జనం కంట్రోల్ రూములోకి వచ్చారు. ముందు పోశం ఉన్నాడు. మూడో గ్యాలరీకి పెద్దమనిషి. చనిపోయినవాళ్లలో అతని భార్య, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. గోడమీది పెద్ద తెరలో తలుపు వివరం అందరికీ కనిపిస్తూనే ఉంది: "మూయి", "మూయి", "మూయి", వరుసగా నలభై ఒక్కసార్లు. పక్కనే షిఫ్ట్ ఆపరేటరు పేరు, తాటి ఓదెలు.

ఓదెలు కుర్చీలోంచి లేవలేదు. చేతులు రెండూ బల్ల మీదనే పెట్టి, తను తెరవమనే నొక్కానని చెబుతూ ఉన్నాడు. పోయిన వారమే నీళ్ల వంతు దగ్గర అతనికీ మూడో గ్యాలరీవాళ్లకూ పెద్ద గొడవ జరిగింది. అది అందరికీ గుర్తుంది. ఇద్దరు అతని కుడిచేతిని బల్లకు అదిమి పట్టారు. పోశం నడుముకున్న సుత్తి తీశాడు.

"గీ చెయ్యే గదా నొక్కింది," అన్నాడు.

నాలుగు దెబ్బలు. మొదటి దెబ్బకు ఓదెలు అరిచాడు. తరువాత అరవలేదు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు మూడడుగుల దూరంలో వినిపించింది. నేను అడ్డం పోబోతే ఎవరో జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. నుదురు చీలింది. ఈ పేజీ మీది మరక అదే.

ఓదెలును ఈడ్చుకుపోతుంటే నా వైపు చూసి ఒకే మాట అన్నాడు. "లాగ్ తీయి చెల్లె."

అడిగాను. తలుపు నడిపే ప్రోగ్రాం ఒక డబ్బాలో ఉంటుంది. గాలి పంకాకు ఒక డబ్బా, నీళ్ల పంపుకు ఒక డబ్బా, అలా మొత్తం నాలుగు వందల పైచిలుకు. వాటిని పన్నెండు మిషన్ల మీద పంచిపెట్టి, ఏదైనా చస్తే దాని బదులు కొత్తది లేపే పెద్ద ప్రోగ్రాంను మేము మేస్త్రీ అంటాం. ఏ డబ్బా లాగ్ కావాలన్నా మేస్త్రీనే అడగాలి.

మేస్త్రీ ఇచ్చిన తలుపు లాగ్ 11:12కి మొదలయింది. అంతకుముందు ఒక్క అక్షరం లేదు.

నమోదు 2
61వ రోజు, సాయంత్రం 4:15

లాగ్ 11:12కి ఎందుకు మొదలయిందో తెలిసింది. ఇప్పుడు తలుపు నడుపుతున్న డబ్బా అప్పుడే పుట్టింది. ఉదయం నడిపిన డబ్బా చచ్చిపోయింది. చచ్చిన డబ్బా లాగ్ ఇమ్మని మళ్లీ అడిగితే, అలాంటిదేదీ తనకు తెలియదంటుంది మేస్త్రీ.

గంటన్నర తవ్వాక అర్థమయింది. కొత్త డబ్బా పన్నెండో నంబర్ మిషన్ మీద లేచింది. పాతది ఏడో నంబర్ మీద ఉండేది. మిషన్ మారగానే మేస్త్రీ పాతదాన్ని తన జాబితాలోంచి కొట్టేసింది. అయితే పాత డబ్బాల లాగ్ ఫైళ్లు ఏడో నంబర్ మిషన్ డిస్కులోనే ఉండాలి. ఆ మిషన్ ఉండేది మూడో గ్యాలరీలో, తలుపుకు ఇరవై గజాల దూరంలో.

మూడు గంటలకు ఊరిని నడిపే కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు రాజమొగిలి జనం ముందు తీర్పు చదివాడు: మూడు రోజుల తరువాత, 64వ రోజు మిట్ట మధ్యాహ్నం ఓదెలును నేల పైకి పంపుతారు. పైన ఇప్పుడు పగలు అరవై ఎనిమిది డిగ్రీలు. నా ఎరుకలో ఈ శిక్ష రెండుసార్లు వేశారు. రెండోసారి కిందికి దించిన శవాన్ని నేను చూశాను. ఇక దాని గురించి రాయను.

ఆలోగా లాగ్ తెచ్చి చూపితే తీర్పు మారుస్తారా అని అడిగాను. చూద్దామన్నాడు రాజమొగిలి. జనంలోంచి ఒక ఇటుకముక్క వచ్చి నా భుజానికి తగిలింది.

నమోదు 3
62వ రోజు, ఉదయం 8:00

ఏడో నంబర్ మిషన్‌ను నేరుగా అడిగితే జవాబు లేదు. ముప్పై సెకన్లు ఎదురుచూసి "అందలేదు" అని వస్తుంది. పదహారుసార్లు అడిగాను.

కానీ అది చావలేదు. పది సెకన్లకోసారి తన క్షేమం మేస్త్రీకి చెబుతూనే ఉంది. ఆ క్షేమ సమాచారంలో ఒక అంకెను రెండుసార్లు సరిచూశాను. డిస్కు 76 శాతం నిండింది. నిన్న పొద్దున 40 ఉండేది.

మిషన్ డిస్కు 85 దాటితే శుభ్రం చేసే ప్రోగ్రాం లేస్తుంది. అది మొట్టమొదట చెరిపేది చచ్చిన డబ్బాల లాగ్‌లనే.

అంత వేగంగా ఎందుకు నిండుతోంది? మూడో గ్యాలరీ కెమెరాలు చూద్దామంటే ఒక్కటీ లేదు. నిన్న సాయంత్రం నుంచి జనం కనబడిన ప్రతి తీగనూ పీకుతున్నారు, ప్రతి పెట్టెనూ పగలగొడుతున్నారు. పగిలిన ప్రతి సెన్సరు కోసమూ దాని ప్రోగ్రాం సెకనుకు వందసార్లు "దొరకలేదు" అని రాసుకుంటోంది. ఆ రాతలన్నీ ఏడో నంబర్ డిస్కులోకే పోతున్నాయి. వాళ్లు కొట్టే ప్రతి దెబ్బా తమవాళ్లు ఎట్లా చచ్చారో చెప్పే కాగితం మీద మట్టి పోస్తోంది. ఈ సంగతి వాళ్లకు చెప్పి రమ్మని కంట్రోల్ రూములో పనిచేసే ఒక కుర్రాణ్ని పంపాను. పళ్లు రాలగొట్టి పంపించారు.

ఓదెలును నేల పైకి పోయే లిఫ్ట్ గదిలో కట్టేశారు. గంజి పట్టుకుపోయాను. చెయ్యి మోచేతిదాకా నల్లబడి ఉబ్బింది. వేళ్లు ఏ వైపు వంగాయో చెప్పడానికి లేదు. కాపలా ఉన్న ముసలి కనకయ్య ఎవరూ చూడకుండా తడిగుడ్డ చుట్టాడట. ఓదెలు నన్ను లాగ్ గురించి అడగలేదు. చనిపోయిన పదకొండుమంది పేర్లు అడిగాడు. చెప్పాను. ఒక్కొక్క పేరుకూ కళ్లు మూసి తెరిచాడు.

నమోదు 4
62వ రోజు, మధ్యాహ్నం 3:40. డిస్కు 80.

జవాబు ఎందుకు రావడం లేదో దొరికింది. ప్రతి మిషన్‌కూ రెండు ముద్రలుంటాయి. తన క్షేమం చెప్పుకోవడానికి ఒకటి, అడిగినవాళ్లకు తలుపు తీయడానికి ఇంకొకటి. ఏడో నంబర్ మిషన్ రెండో ముద్ర గడువు ఐదు రోజుల కిందట తీరిపోయింది. అందుకే అది మాట్లాడుతుంది గానీ అడిగితే పలకదు. కొత్త ముద్ర కోసం అది దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తు ఐదు రోజులుగా కమిటీ అధ్యక్షుడి ఆమోదం కోసం ఎదురుచూస్తోంది. ఒక్క మీట నొక్కితే చాలు.

రాజమొగిలి ఇంటికి పరుగెత్తాను. అతను అన్నం తింటున్నాడు. అంతా విన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"తీర్పు అయినంక చేస్త," అన్నాడు.

అప్పటికి లాగ్ ఉండదని చెప్పాను. తెలుసన్నాడు. ఎందుకు సారూ అని అడిగాను.

"ఓదెలు ఒక్కడు పోతే వాళ్ల కడుపు సల్లారుతది, భూలక్ష్మీ. ఓదెలు గాదు అని తేలితే, మరి ఎవలు అంటరు. నీ దగ్గర జవాబున్నదా? లేకుంటే గా సుత్తులు కంట్రోల్ రూముకు వస్తయి, పంకాలకు వస్తయి. ఇక్కడ నాలుగు వేల మందిమి బతుకుతున్నం."

అతని మాటలో కొంత నిజముందని నాకు అప్పుడే తెలుసు. అయినా పళ్లెం ఎత్తి అతని ముఖం మీద కొట్టాను. ఎందుకు రాస్తున్నానంటే ఇది లాగ్ కనుక. ముక్కులోంచి రక్తం కారింది. అతని భార్య నన్ను గుమ్మం దాకా ఈడ్చి బయటికి తోసింది.

మిషన్ ముందు కూర్చుని దాని కీబోర్డు మీద అడిగితే ముద్ర అవసరం లేదు. కాబట్టి నేనే అక్కడికి పోవాలి.

నమోదు 5
63వ రోజు, మధ్యాహ్నం 1:00

వేళ్ల మీద రక్తం ఇంకా ఆరలేదు. అక్షరాలు సరిగా రాకపోవచ్చు.

పొద్దున తొమ్మిదికి బయలుదేరేటప్పుడు డిస్కు 83. కనకయ్య తోడు వచ్చాడు. అతనికి అరవై రెండేళ్లు, చేతిలో వెదురు కర్ర తప్ప ఏమీ లేదు. మూడో గ్యాలరీ మలుపు దగ్గర ఐదుగురు కుర్రాళ్లు అడ్డుపడ్డారు. కనకయ్య నెమ్మదిగానే మాట్లాడాడు. ఈ అమ్మాయి మీ తలుపు సంగతి తెలుసుకోవడానికే వచ్చిందన్నాడు. వాళ్లలో ఒకడు ఇనుపచువ్వను ఈటెలా పట్టుకొని ముందుకు దూకాడు. బెదిరించడానికే అనుకున్నాను. చువ్వ కనకయ్య పక్కటెముకల కింద దిగి వీపులోంచి బయటికి వచ్చింది. దింపినవాడే ముందు కేక పెట్టాడు. చువ్వ వదిలేసి, తన చేతులు చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. కనకయ్య గోడకు జారి కూర్చుని, నన్ను పొమ్మన్నట్టు గడ్డంతో సైగ చేశాడు. నేను పోయాను. అతన్ని అక్కడే వదిలి పరుగెత్తాను.

మిషన్ గది దాకా పోకముందే నన్ను పట్టుకున్నారు. కింద పడేసి తన్నారు. ఎన్ని దెబ్బలో లెక్కలేదు. అప్పుడు ఒక ఆడమనిషి నా మీద అడ్డంగా పడుకుంది. కొమురవ్వ. ఆమె కూతురు స్వరూప, పందొమ్మిదేళ్ల పిల్ల, ఆ పదకొండుమందిలో ఉంది. ఆమె మీద చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"నా బిడ్డ ఎట్ల సచ్చిందో నాకు ఎరుక గావాలె," అంది. "ఈమెను పోనియ్యుండ్రి."

ఆమే నన్ను నడిపించుకుని పోయింది. మిషన్ గది తలుపు అప్పటికే పగిలి ఉంది. లోపల ఒకడు సమ్మెటతో వరుసగా మిషన్లు పగలగొడుతున్నాడు. ఐదో నంబరు ముక్కలయింది. ఆరో నంబరు మీద పని జరుగుతోంది. ఆగమని అడిగాను. వినిపించుకోలేదు. వాడి ముఖమంతా కన్నీళ్లు. ఎవరిని పోగొట్టుకున్నాడో తెలియదు. నా సంచిలో పెద్ద పానా ఉంది. వాడి మోకాలి మీద రెండు చేతులతో కొట్టాను. మోకాలి చిప్ప లోపలికి పోయిన స్పర్శ పానాలోంచి నా అరచేతులకు తెలిసింది. వాడు పడి, నేలమీద పాకుతూ మళ్లీ సమ్మెట అందుకోబోయాడు. ఈసారి చేతి మీద కొట్టాను. కొమురవ్వ వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఊకో బిడ్డా, ఊకో అంటూ పట్టుకుంది.

ఏడో నంబర్ ముందు కూర్చున్నప్పుడు డిస్కు 84. కీబోర్డు మీద నా రక్తం, వాడి రక్తం. చచ్చిన డబ్బాల ఫైళ్లు అడిగాను. వచ్చాయి. నలభై ఒక్క డబ్బాలు, నలభై ఒక్క ఫైళ్లు. అన్నీ వెంట తెచ్చుకున్న చేతిపెట్టె డిస్కులోకి ఎక్కించుకున్నాక ఒకసారి వెనక్కి చూశాను. తెర మీద అంకె 85కు మారింది. శుభ్రం చేసే ప్రోగ్రాం లేచి, ఫైళ్లను ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పటికి కనకయ్య చనిపోయాడు. కర్ర పక్కనే ఉంది.

నమోదు 6
63వ రోజు, సాయంత్రం 5:30

చదివాను. ఓదెలు నిజం చెప్పాడు. మొదటి ఫైలు ఇలా ఉంది.

10:42:06 ఆపరేటరు: తెరువు.
10:42:08 మేస్త్రీ అడిగింది: బాగున్నావా? రెండు సెకన్లలో జవాబు లేదు. చచ్చినట్టు లెక్క. డబ్బా తీసివేత.
10:42:30 కొత్త డబ్బా లేచింది. మొదటి పని: మూయి.

రెండో ఫైలు అంతే. మూడోదీ అంతే. మేస్త్రీ ప్రతి డబ్బాను తరచూ పలకరిస్తుంది. చెప్పిన గడువులో పలకకపోతే దాన్ని చంపి కొత్తదాన్ని లేపుతుంది. ఆ వేడికి తీగలు కాగి, డబ్బా జవాబు చెప్పడానికి మూడు సెకన్లు పట్టింది. గడువు రెండు సెకన్లు. ఒక్క సెకను ఆలస్యం. ఓదెలు తెరవమన్న ప్రతిసారీ తలుపు కదలబోయే ముందే డబ్బాను చంపేసింది మేస్త్రీ. కొత్తగా పుట్టిన ప్రతి డబ్బా ముందు తలుపు మూసింది. గోడమీది తెర పూర్తికాని "తెరువు"లను వదిలేసి, ఆ "మూయి"లను ఆపరేటరు పేరున చూపింది. 11:10కి మేస్త్రీకి ఏడో నంబర్ మీద నమ్మకం పోయి, డబ్బాను పన్నెండుకు మార్చింది. అక్కడ జవాబు వెంటనే వచ్చింది. తలుపు తెరుచుకుంది.

గడువు మొదట పది సెకన్లు ఉండేది. దాన్ని రెండుకు కుదించింది ఎవరో కూడా ఫైలు పైభాగంలోనే ఉంది. 43వ రోజు. మార్చినవారు: మేకల భూలక్ష్మి. ఆమోదం: రాజమొగిలి. కారణం: మూడో గ్యాలరీ వాసుల వినతి, మొదటి సంతకం దుర్గం పోశం.

గుర్తొచ్చింది. 40వ రోజున తలుపు డబ్బా మొరాయించి, తలుపు తెరిచే ఉండిపోయింది. పక్క గ్యాలరీ దుమ్ము లోపలికి కొట్టి ఒక ముసలాయన చనిపోయాడు. తలుపు ఒక్క క్షణం కూడా మొరాయించకూడదని వాళ్లు కాగితం రాశారు. వాళ్లు అడిగింది న్యాయమే. ఎలా చేయాలో నిర్ణయించింది నేను. మొరాయించిన డబ్బా బదులు కొత్తది త్వరగా లేవాలని గడువు కుదించాను, పొగలో, వేడిలో పెట్టి పరీక్షించకుండా. ఆ రోజు ఇంకా ఆరు పనులున్నాయి. ఇది నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

నా పేరున్న వరుస తెర మీద కనిపిస్తోంది. చెరిపే మీట మీద వేలు పెట్టి అరగంట కూర్చున్నాను. మిగతా ఫైలు చాలు, ఓదెలు బయటపడతాడు, మేస్త్రీ తప్పని చెప్పవచ్చు, మేస్త్రీని ఎవరూ రాళ్లతో కొట్టలేరు. ఇదంతా అనుకున్నాను. చివరికి వేలు తీశాను. ధైర్యం వచ్చి కాదు. కనకయ్యను గోడ దగ్గర వదిలి వచ్చినప్పటి నుంచి, ఇంకొకసారి వదిలి పరుగెత్తే శక్తి నాలో లేదు.

నమోదు 7
64వ రోజు, మధ్యాహ్నం 2:20

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడివైపు భుజం ఎముక విరిగింది.

పదకొండున్నరకు లిఫ్ట్ గది చుట్టూ వెయ్యిమందికి పైగా ఉన్నారు. ఓదెలును లిఫ్ట్ బోనులో ఊచలకు కట్టారు. బోను నడిపే లివరు లోపలే ఉంటుంది. లాగితే పైకి పోతుంది. పైకప్పు తెరుచుకుంటుంది. రాజమొగిలి ముక్కుకు కట్టుతో నిలబడ్డాడు. నేను లాగ్ తెచ్చానని చెప్పగానే అతను నన్ను పక్కకు లాగబోయాడు. కొమురవ్వ వచ్చి మధ్యలో నిలబడింది.

చదివాను. నలభై ఒక్క "తెరువు"లనూ వేళలతో సహా చదివాను. తరువాత రెండు సెకన్ల సంగతి చెప్పాను. మార్చింది నేనేనని చెప్పాను. ఆమోదించింది రాజమొగిలి అని చెప్పాను. కారణం అన్న మాట దగ్గర ఆగిపోయాను. పోశం నా ఎదురుగానే ఉన్నాడు. మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు. ఆ వరుస చదవలేదు. కాగితం మడిచాను.

ముందుగా రాయి రాజమొగిలికి తగిలింది. కణత మీద. అతను కూలిపోయాడు. తరువాత నా మీద పడ్డారు. గొలుసుతో ఒకటి భుజం మీద, ఏదో బరువైనది నోటి మీద. రెండు పళ్లు మింగాను. చచ్చిపోతున్నాననుకున్నాను. ఇది న్యాయమేనన్న ఆలోచన కూడా వచ్చింది. దెబ్బల మధ్య ఆ ఆలోచన ఎంతో సేపు నిలవలేదు.

అప్పుడు దెబ్బలు ఆగాయి. పోశం ఇద్దరిని మెడపట్టి నా మీదనుంచి లాగేశాడు.

"కాయితం పూర్తిగ సదువలే ఈమె," అన్నాడు జనంతో. "రెండు సెకండ్లు ఊకెనే పెట్టలే. తలుపు జల్ది గావాలె అని రాసిచ్చింది మనమే. మొదటి సంతకం నాది. నా ఇంట్లనే కూసోని రాసినం. నా పెద్ద బిడ్డనే రాసింది, దస్తూరి మంచిగుంటదని."

పోశం బోనులోకి పోయి ఓదెలు కట్లు కత్తితో కోశాడు. అతన్ని రెండు చేతులా ఎత్తి బయటికి తోశాడు. తను లోపలే ఉండి గేటు లాగాడు. ఏం చేయబోతున్నాడో అందరికీ ఒక్కసారే అర్థమయింది. ఒక్కరూ కదలలేదు. నేను లేవబోయి మళ్లీ పడ్డాను.

ఓదెలు గేటు సందులో భుజం పెట్టాడు. గేటు అతని భుజం మీద మూసుకుంది. పోశం కాలితో అతని ఛాతీ మీద తన్నాడు. ఓదెలు లోపలికి జొరబడ్డాడు. మూడు రోజులుగా గంజి నీళ్ల మీద ఉన్న మనిషి, ఒక చెయ్యి పనికిరాని మనిషి. ఇద్దరూ బోనులో కలబడ్డారు. పోశం లివరు అందుకున్నాడు. బోను మూడడుగులు లేచింది. ఓదెలు అతని ముంజేతిని కొరికాడు, కండ ఊడేలా కొరికాడు. లివరు వదిలించాడు. బోను ధడేలుమని కిందికి పడింది. ఓదెలు బోనులో ఎవరో వదిలేసిన హెల్మెట్‌ను ఎడమచేత్తో తీసి పోశం తలమీద కొట్టాడు. పోశం లేవబోతే మళ్లీ కొట్టాడు.

"ఇడ్సిపెట్టుర నన్ను," అన్నాడు పోశం కింద పడి. "నీ కాళ్లు మొక్కుత, ఇడ్సిపెట్టు."

ఓదెలు అతని ఛాతీ మీద కూర్చున్నాడు. నోటినిండా పోశం రక్తం. "నలభై ఒక్కసార్లు నొక్కిన పోశన్నా. ఒక్కపారి తెరుసుకోలే. ఈ గేటు మాత్రం మూయనియ్య."

పోశం ఇంకా పెనుగులాడాడు. ఓదెలు ఇంకొక దెబ్బ కొట్టాడు. అప్పుడు పోశం కదలడం మానేసి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఓదెలు లేవలేదు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయేదాకా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

నమోదు 8
70వ రోజు, ఉదయం 10:00

రాజమొగిలి బతికాడు. ఎడమకన్ను పోయింది, పదవీ పోయింది. ఓదెలు చేతిని మోచేతి దగ్గర తీసేశారు. కనకయ్యను పొడిచిన కుర్రాడు తనంతట తనే వచ్చి లొంగిపోయాడు. నా విచారణ వచ్చే నెల. అప్పటిదాకా లాగ్ డ్యూటీ చేయమన్నారు, ఇంకెవరికీ ఈ పని రాదు కనుక. నేను మోకాలు విరగ్గొట్టినవాడిని ఆసుపత్రిలో చూడబోయాను. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తలుపు గడువు పది సెకన్లకు మార్చాను. కొత్తగా లేచిన డబ్బా ముందు తలుపు మూయకుండా, ఆపరేటరు మాట కోసం ఆగేలా చేశాను. డబ్బా చచ్చినా దాని లాగ్ మూడు మిషన్లలో ఉండేలా చేశాను. రెండు రోజులు పొగలో పెట్టి పరీక్షించాను.

ఈ పొద్దున కొమురవ్వ కంట్రోల్ రూముకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మా స్వరూప ఎంతసేపు తన్లాడింది? గా మిషన్ల ఉంటదా?"

ఉంటుంది. మనుషులు నలిగిపోకుండా తలుపు లోపలివైపు బరువు కొలిచే పలక ఉంది. ఎవరు తోసినా ఆ వేళ లాగ్‌లో పడుతుంది. ఆ వరుసలు నేను 63వ రోజునే చూశాను. లిఫ్ట్ గది దగ్గర చదవలేదు. లేదని చెప్పవచ్చు. ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది.

అడిగాను. లాగ్ క్షణంలో వచ్చింది.

లోపలినుంచి తోసిన వేళలు, బయటినుంచి ఓదెలు నొక్కిన వేళలు ఒకదాని కింద ఒకటి చదివాను. ఆమె అలాగే చదవమంది. 10:43, తోపు. 10:43, తెరువు. 10:44, తోపు, తోపు. 10:44, తెరువు. రానురాను తోపులు దూరమయ్యాయి, బరువు తగ్గింది. కొమురవ్వ పెదవులు నాతోపాటే కదిలాయి. 11:03, తోపు. చాలా చిన్నది.

"ఆఖరుదా?"

అవునన్నాను. కింద ఇంకా వరుసలున్నాయి. అవేమిటని అడిగింది. చదివాను. 11:04, తెరువు. 11:05, తెరువు. 11:05, తెరువు. లోపల ఎవరూ తోయడం లేనప్పుడు కూడా ఓదెలు ఇంకా తొమ్మిదిసార్లు నొక్కాడు.

కొమురవ్వ కొంగుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుంది. మొదటి రోజు ఓదెలును ఈడ్చుకుపోతున్నప్పుడు తనూ రాయి వేసిందట. నడుముకు తగిలిందట. ఆ మాట నాతో చెప్పి, గుమ్మం దాకా పోయి ఆగింది.

"ఓదెలు ఇల్లు ఏ లెవెల్ల ఉంటది?"

రెండో లెవెల్, చివరి గది అని చెప్పాను. వెళ్లింది.